గాలిలో వచ్చేదాన్ని నమ్మొచ్చా? వైఫై డ్రైవర్ల పరీక్షలపై సమీక్ష

2006 నవంబరు నెలంతా, రోజుకొకటి చొప్పున ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ లోపాలను బయటపెట్టే కార్యక్రమం ఒకటి భద్రతా పరిశోధకుల మధ్య నడిచింది. అప్పుడు బయటపడ్డ లోపాల్లో ఒకటి విండోస్ ల్యాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ వైర్‌లెస్ చిప్‌ను నడిపే డ్రైవరుది. వైఫై నెట్‌వర్క్ పేరు 32 బైట్లు దాటకూడదని ప్రమాణం చెబుతుంది. కానీ ఆ పేరు పొడవెంతో తెలిపే గడి ఒక బైటు. అందులో 255 దాకా ఏ అంకెనైనా రాయొచ్చు. డ్రైవరు ఆ అంకెను సరిచూసుకోకుండా, వచ్చిన పేరును వచ్చినట్టే తన చోటులోకి నకలు చేసుకుంది. చోటు చాలక పొర్లిన బైట్లు పక్కనున్న సమాచారాన్ని తుడిచేశాయి. ఆ బైట్లను జాగ్రత్తగా పేర్చి పంపినవాడికి కెర్నెల్‌లోనే తన కోడ్ నడిపే వీలు చిక్కింది. ల్యాప్‌టాప్ ఏ నెట్‌వర్క్‌కూ కనెక్ట్ అయి ఉండనక్కర్లేదు. వైఫై ఆన్‌లో ఉండి చుట్టుపక్కల నెట్‌వర్కుల కోసం వెతుకుతుంటే చాలు.

పదహారేళ్ల తర్వాత, 2022 అక్టోబరులో, జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకుడు సోంకె హుస్టర్ లైనక్స్ కెర్నెల్ వైఫై భాగంలో దాదాపు అదే జాతి లోపాలను బయటికి తెచ్చాడు. ఒకే యాక్సెస్ పాయింట్ తన దగ్గరున్న పలు నెట్‌వర్కుల వివరాలను ఒకే బీకన్ ఫ్రేమ్‌లో (తన ఉనికిని చాటే సందేశంలో) ప్రకటించుకునే సదుపాయం 2019లో లైనక్స్‌లో చేరింది. ఆ బీకన్‌ను విప్పి చదివే కోడ్‌లో కొలతల లెక్క తప్పింది. అప్పుడు తేలిన లోపాలకు ఐదు సీవీఈ సంఖ్యలు (భద్రతా లోపాలకిచ్చే గుర్తింపు సంఖ్యలు) ఇచ్చారు. వీటిలో చాలావాటికి కూడా కనెక్ట్ కావడంతో పని లేదు, స్కాన్ చేస్తే చాలు.

ఈ పదహారేళ్లలో పరీక్షల విద్య నిద్రపోలేదు. పైగా అంతకు ముందు ఊహించనంత పెరిగింది. మరి అదే తప్పు అదే తీరున మళ్లీ ఎందుకు దొర్లింది? వైర్‌లెస్ డ్రైవర్ల పరీక్షలను మొత్తంగా చూస్తే జవాబు దొరుకుతుంది. చాలా పరీక్షలు ‘సరైన సందేశం వస్తే సరిగా పనిచేస్తోందా’ అని అడుగుతాయి. ‘తప్పుడు సందేశం వస్తే దాన్ని తిప్పికొడుతోందా’ అని అడిగే పరీక్షలు ఆలస్యంగా వచ్చాయి. అవి కూడా అన్ని పొరలకూ చేరలేదు.

పొరలు అనడానికి కారణముంది. వైఫై డ్రైవరు ఒంటరిగా పనిచేసే ప్రోగ్రామ్ కాదు. పైన ఆపరేటింగ్ సిస్టమ్, కింద చిప్, ఆ చిప్ లోపల దానికే సొంతమైన ఫర్మ్‌వేర్, వీటన్నిటికీ అవతల గాలిలో ఎవరెవరో పంపే ఫ్రేములు. కొన్ని చిప్‌లలో నెట్‌వర్క్‌ను వెతకడం, చేరడం, వదలడం వంటి వ్యవహారమంతా కెర్నెల్ చూసుకుంటుంది. వీటిని సాఫ్ట్‌మ్యాక్ అంటారు. ఫోన్లలో ఎక్కువగా కనిపించే ఫుల్‌మ్యాక్ చిప్‌లలో ఆ పనంతా ఫర్మ్‌వేరే చేస్తుంది, డ్రైవరు ఆజ్ఞలు అందించి ఫలితాలు తెచ్చుకుంటుంది. ఏ పని ఎవరి చేతిలో ఉందో తెలిస్తేనే ఏ పరీక్ష ఎక్కడిదాకా చేరుతుందో తెలుస్తుంది.

కాలం కూడా ఇక్కడ చాలా బిగువుగా ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్‌లో ఒక ఫ్రేమ్ అందిందని రసీదు 16 మైక్రోసెకన్ల విరామంలో పంపాలి. అంత వేగం సాఫ్ట్‌వేర్ వల్ల కాదు కాబట్టి ఆ పని హార్డ్‌వేర్‌కే వదిలేస్తారు. యాక్సెస్ పాయింట్ మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి బీకన్ పంపుతుంది. బ్యాటరీ ఆదా చేసుకునే ఫోను ఆ బీకన్ల వేళకు మేలుకొని, తన కోసం ఏమైనా దాచి ఉంచారా అని చూసుకొని మళ్లీ నిద్రపోతుంది. మేలుకోవడం ఒక్కసారి తప్పితే సందేశం ఆలస్యమవుతుంది, పదేపదే తప్పితే కనెక్షన్ తెగుతుంది. ఈథర్‌నెట్ తీగ మీద ఇద్దరు మాట్లాడుకుంటే మూడోవాడు దూరడు. వైఫై చానల్ మాత్రం సంత లాంటిది, అందరూ అదే గాలిలో మాట్లాడాలి, ఎవరి గొంతు ఎప్పుడు ఎవరికి అడ్డొస్తుందో చెప్పలేం. అందుకే ఉదయం నెగ్గిన పరీక్ష సాయంత్రం ఓడిపోతుంది, కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా.

ఈ అనిశ్చితిని తప్పించుకోవడానికి లైనక్స్ ప్రపంచం కనిపెట్టిన ఉపాయం గాలినే తీసేయడం. 2008లో యౌని మాలినెన్ రాసిన ‘మ్యాక్80211_హెచ్‌డబ్ల్యూసిమ్’ అనే మాడ్యూల్ చిప్ లేకుండానే కెర్నెల్‌లో వైఫై రేడియోలను సృష్టిస్తుంది. ఏమీ చెప్పకపోతే రెండు రేడియోలు, అడిగితే ఎన్నయినా. ఒక రేడియో పంపిన ఫ్రేమ్‌ను అదే చానల్‌లో ఉన్న మిగతా రేడియోలకు మెమరీలోనే నకలు చేసి అందిస్తుంది. ఒకదాన్ని యాక్సెస్ పాయింట్‌గా, రెండోదాన్ని ఫోనులాగా నిలబెట్టి, మధ్యలో నడిచే ప్రతి ఫ్రేమ్‌నూ వైర్‌షార్క్ అనే సాధనంతో చూడొచ్చు. లైనక్స్, ఆండ్రాయిడ్ పరికరాల్లో వైఫై తాళం (ఎన్‌క్రిప్షన్ కీ) వ్యవహారాలు నడిపే హోస్ట్‌ఏపీడీ, డబ్ల్యూపీఏ సప్లికెంట్ ప్రోగ్రాములను చాలాకాలంగా చూసుకుంటున్నదీ మాలినెనే. వాటితోపాటే వందలకొద్దీ పరీక్షలు ఈ ఊహా రేడియోల మీద నడుస్తాయి. పాస్‌వర్డ్ తప్పితే ఏమవుతుంది, ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు తాళం సరిగా మారుతోందా, ఒక ఫ్రేమ్ రెండుసార్లు వస్తే ఏం చేస్తుంది అని ఒక్కొక్కటీ విడివిడిగా అడుగుతాయి.

ఇందులో మెచ్చుకోదగ్గ మరో పని ఉంది. వైఫైలో నిరీక్షణలు ఎక్కువ. రాడార్లు వాడే చానళ్లలో ప్రసారం మొదలుపెట్టే ముందు సాధారణంగా 60 సెకన్లు మౌనంగా వినాలి. పరీక్ష కూడా అంతసేపు ఆగాల్సిందే. ఇంటెల్‌లో పనిచేసే, లైనక్స్ వైఫై భాగాన్ని నిర్వహించే యోహానెస్ బెర్గ్, కెర్నెల్‌ను మామూలు ప్రోగ్రామ్‌లా నడిపే యూజర్ మోడ్ లైనక్స్‌కు ‘టైమ్ ట్రావెల్’ పద్ధతిని చేర్చాడు. చేయడానికి పని లేనప్పుడు కెర్నెల్ తన గడియారాన్ని తర్వాతి ఘటన దగ్గరికి జరిపేసుకుంటుంది. నిమిషం నిరీక్షణ నిజకాలంలో క్షణంలో గడిచిపోతుంది. పైగా యంత్రం మీద భారం ఎక్కువై గడువు దాటిపోయే బెడద కూడా తగ్గుతుంది. అందుకే ఆ పరీక్షల ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది.

కానీ ఊహా రేడియోకు ఫర్మ్‌వేర్ లేదు, యాంటెన్నా లేదు, వేడెక్కడం లేదు, నిద్ర లేదు. సంకేతం బలహీనపడటాన్నీ ఫ్రేములు పోవడాన్నీ అనుకరించే ‘డబ్ల్యూమీడియమ్‌డీ’ని జోడించినా అది లెక్కలో నష్టమే, గాలిలో నష్టం కాదు. హెచ్‌డబ్ల్యూసిమ్ పరీక్షించేది కెర్నెల్ ఉమ్మడి పొరను. ఏ కంపెనీ చిప్‌కు రాసిన డ్రైవరైనా దాని కింద ఉంటుంది, అక్కడికి ఈ పరీక్ష చూపు చేరదు. మాడ్యూల్ రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. తెలియనిది ‘మా పరీక్షలన్నీ నెగ్గాయి’ అన్న మాటను వినేవాళ్లకే.

ఉమ్మడి పొరలోని తప్పులను పట్టే పరికరాలు చాలా ఉన్నాయి. కేటాయించని మెమరీని తాకితే అక్కడికక్కడే పట్టుకునే కేఏసాన్ 2015లో కెర్నెల్‌లో చేరింది. కెర్నెల్ కోడ్‌లోని లాక్‌లను తప్పు క్రమంలో వేస్తే హెచ్చరించే లాక్‌డెప్ అంతకు ముందు నుంచే ఉంది. కోడ్‌ను నడపకుండానే చదివి తప్పులు చూపే స్పార్స్, స్మ్యాచ్, కాక్సినెల్ వంటివీ ఉన్నాయి. ఒక మార్పుతో డ్రైవరు చెడిందని తెలిస్తే, వెయ్యి మార్పుల్లో అది ఏదో పది పరీక్షల్లో తేల్చేసే గిట్ బైసెక్ట్ ఉంది. అయితే ఒక్క షరతు. ప్రతి పరీక్షా ‘చెడింది’, ‘బాగుంది’ అని కచ్చితంగా చెప్పాలి. పదిసార్లకు ఒకసారి మాత్రమే కనెక్షన్ తెగే లోపమైతే ఒక్క తప్పుడు ‘బాగుంది’తో వెతుకులాట పక్కదారి పట్టిపోతుంది. వైఫై లోపాల్లో చాలా భాగం ఈ కోవలోవే. ల్యాప్‌టాప్‌ను నిద్రపుచ్చి లేపడం, ఒకటి రెండుసార్లు కాదు, రాత్రంతా వందలసార్లు చేయించడం అనుభవజ్ఞుల మొదటి పరీక్ష కావడానికి కారణమిదే.

తప్పుడు సందేశాలతో పరీక్షించే పద్ధతికి ఫజింగ్ అని పేరు. గూగుల్‌లో పుట్టిన సిజ్‌కాలర్ కెర్నెల్‌కు తోచిన పిలుపులన్నీ తోచిన క్రమంలో పంపుతూ, కోడ్‌లో కొత్త దారి తెరుచుకున్నప్పుడల్లా ఆ దారినే మరింత లోతుగా తవ్వుతుంది. సిజ్‌బాట్ ఆ పనిని పగలూ రాత్రీ నడిపి, దొరికిన లోపాలను అందరూ చూసేలా ప్రకటిస్తుంది. హెచ్‌డబ్ల్యూసిమ్ రేడియోల ద్వారా వైఫై ఫ్రేములనూ చొప్పించడం నేర్చుకుంది. అంతకన్నా ఫలించింది యూఎస్‌బీ దారి. ఆండ్రే కొనొవలోవ్ చేసిన పనితో సిజ్‌కాలర్ తానే ఒక యూఎస్‌బీ పరికరంలా నటించగలిగింది. ‘నేను ఫలానా వైఫై డాంగిల్‌ని’ అని చెప్పుకొని, కెర్నెల్ ఆ డ్రైవరును లోడు చేయగానే అర్థం లేని జవాబులు ఇవ్వడం మొదలుపెట్టింది. డాంగిల్ అబద్ధం చెబుతుందని ఏ డ్రైవరూ అనుకోలేదు. యూఎస్‌బీ వైఫై డ్రైవర్లలో లోపాలు వరుసగా రాలాయి.

ఆ వరుసలో హైదరాబాదుకు సంబంధించిన డ్రైవరూ ఒకటుంది. వెంకట్ మట్టెల స్థాపించిన రెడ్‌పైన్ సిగ్నల్స్ తన వైర్‌లెస్ చిప్‌ల అభివృద్ధిలో ఎక్కువ భాగం హైదరాబాదు కేంద్రంలోనే చేసింది. ఆ చిప్‌లకు రాసిన ‘ఆర్‌ఎస్‌ఐ’ డ్రైవరు 2014లో లైనక్స్ 3.15తో కెర్నెల్‌లో చేరింది. కెర్నెల్ మూలంలోకి ఒక డ్రైవరు చేరడం చిన్న సంగతి కాదు. ప్రపంచంలో ఎవరైనా ప్రతి వరుసనూ చదివి ప్రశ్నించొచ్చు. ప్రశ్నించారు కూడా. 2019లో హుయి పెంగ్, మథియాస్ పేయర్ ఆ డ్రైవరు యూఎస్‌బీ భాగంలో ఒకే మెమరీని రెండుసార్లు విడుదల చేసే లోపాన్ని కనిపెట్టారు. దానికి సీవీఈ-2019-15504 అనే సంఖ్య వచ్చింది, సవరణ వచ్చింది. సిజ్‌బాట్ కూడా అదే డ్రైవరులో వేరే లోపాలు చూపింది. దీన్ని ఆ డ్రైవరుకు మచ్చగా చూడకూడదు. పెద్ద పెద్ద అమెరికా కంపెనీల యూఎస్‌బీ డ్రైవర్లూ అదే పరీక్షలో అదే రకంగా తప్పాయి. కోడ్ బహిరంగంగా ఉంది కాబట్టే అవి దొరికాయి, దిద్దుబాటు జరిగింది. 2020లో సిలికాన్ ల్యాబ్స్ రెడ్‌పైన్ వైఫై, బ్లూటూత్ వ్యాపారాన్ని 30.8 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. హైదరాబాదు డిజైన్ కేంద్రం కూడా ఆ ఒప్పందంలో భాగం.

బహిరంగంగా లేని కోడ్ మాటేమిటి? ఈ సమీక్షలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే.

2017 ఏప్రిల్‌లో గూగుల్ ప్రాజెక్ట్ జీరోకు చెందిన గాల్ బెనియామిని బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఫర్మ్‌వేర్‌ను విప్పి చూశాడు. స్టాక్ పొర్లితే పట్టుకునే కాపలా లాంటి ప్రాథమిక రక్షణలు కూడా అందులో లేవని తేల్చాడు. గాలిలోంచి పంపిన ఫ్రేములతో చిప్‌ను వశం చేసుకొని, అక్కడి నుంచి ఫోను కెర్నెల్‌లోకి ఎలా ఎక్కొచ్చో చూపించాడు. కొద్ది నెలలకే నితాయ్ ఆర్టెన్‌స్టైన్ అదే కుటుంబం చిప్‌లలో ‘బ్రాడ్‌పోన్’ అనే మరో లోపాన్ని బ్లాక్‌హ్యాట్ సభలో వివరించాడు. ఐఫోన్లు, ఆండ్రాయిడ్ ఫోన్లు రెండిటిలోనూ ఆ చిప్‌లుండేవి. ఇక్కడ డ్రైవరు రాసేవాళ్లకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, ఫర్మ్‌వేర్‌ను ఎవరూ బయటి నుంచి సరిగా పరీక్షించలేదు. రెండు, డ్రైవరు తన సొంత చిప్‌నే నమ్మకూడదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ ప్రాంగణ పరిశోధకులు 2019లో ప్రకటించిన పెరిస్కోప్ ఈ రెండో పాఠాన్ని పరీక్షగా మార్చింది. చిప్‌కూ కెర్నెల్‌కూ మధ్య దాటే సమాచారాన్ని దారిలో పట్టుకొని మార్చి చూస్తే, రెండు కంపెనీల ఫోను వైఫై డ్రైవర్లలో 15 లోపాలు తేలాయి. వాటిలో 9 అప్పటిదాకా ఎవరికీ తెలియనివి.

మూసిన ఫర్మ్‌వేర్‌కు మరో ఉదాహరణ క్రూక్. 2020 ఫిబ్రవరిలో ఈసెట్ సంస్థ దీన్ని ప్రకటించింది. నెట్‌వర్క్ నుంచి విడిపోయినప్పుడు కొన్ని బ్రాడ్‌కామ్, సైప్రస్ చిప్‌లు తాళం విలువను సున్నాలతో తుడిచేసేవి. అది సరైన పనే. కానీ పంపడానికి వరుసలో మిగిలిపోయిన సమాచారాన్ని పారేయకుండా, ఆ సున్నాల తాళంతోనే గాలిలోకి వదిలేవి. వంద కోట్లకు పైగా పరికరాల్లో ఈ లోపం ఉండొచ్చని ఈసెట్ అంచనా వేసింది. ‘విడిపోయాక ఏమీ పంపకూడదు’ అనే ఒక్క వాక్యపు పరీక్ష చిప్ తయారీలో ఎక్కడో ఒకచోట ఉండి ఉంటే ఇది బయటికి వచ్చేది కాదు.

పరీక్షలు అక్కర్లేదు, గణితంతో రుజువు చేస్తే సరిపోతుందని వాదించేవాళ్లూ ఉన్నారు. వాళ్లు క్రాక్ అనే వైఫై లోపం కథ తెలుసుకోవాలి. వైఫైలో ఫోను, యాక్సెస్ పాయింట్ నాలుగు సందేశాలు మార్చుకొని తాళం కుదుర్చుకుంటాయి. ఈ పద్ధతి సురక్షితమని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2005లో గణితంగా రుజువు చేశారు. ఆ రుజువులో తప్పు లేదు. కానీ 2017 అక్టోబరులో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథీ వన్‌హోఫ్, ఫ్రాంక్ పీసెన్స్ ఒక చిన్న ప్రశ్న వేశారు. మూడో సందేశం రెండోసారి వస్తే? ఫోను అదే తాళాన్ని మళ్లీ బిగించుకుంటోంది, లెక్కింపు సంఖ్యలను మళ్లీ మొదటికి తెస్తోంది. రుజువు ‘తాళం రహస్యంగా ఉంటుంది’ అని మాత్రమే చెప్పింది, దాన్ని ఎప్పుడు, ఎన్నిసార్లు బిగించాలో చెప్పలేదు. డబ్ల్యూపీఏ సప్లికెంట్ 2.4 మొదలుకొని వచ్చిన వెర్షన్లలో నష్టం ఇంకా పెద్దది. తాళాన్ని ఒకసారి బిగించాక మెమరీలోంచి తుడిచేయమని ప్రమాణంలో ఉన్న సూచనను పాటించడం వల్ల, రెండోసారి బిగించినప్పుడు అది సున్నాల తాళమయ్యేది. సాధ్యమైన ప్రతి సందేశాన్నీ రెండుసార్లు పంపి చూసే పరీక్ష ఎంత విలువైనదో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు. ఈ ప్రకటన తర్వాత వైఫై అలయన్స్ తన ధ్రువీకరణ ప్రయోగశాలల్లో ఈ లోపానికి పరీక్షను తప్పనిసరి చేసింది.

వన్‌హోఫ్ అక్కడితో ఆగలేదు. 2021 మేలో, అప్పటికి అబుదాబీలోని న్యూయార్క్ విశ్వవిద్యాలయ శాఖలో ఉంటూ, ‘ఫ్రాగ్‌ఎటాక్స్’ పేరుతో 12 లోపాలు ప్రకటించాడు. పెద్ద ఫ్రేములను ముక్కలు చేసి పంపి, అవతల కలిపే పద్ధతి వీటిలో చాలావాటికి మూలం. వాటిలో కొన్ని 1997 నాటి తొలి వైఫై ప్రమాణం నుంచే ఉన్నాయి. అతను పరీక్షించిన 75కు పైగా పరికరాల్లో ప్రతిదానిలోనూ కనీసం ఒక లోపం ఉంది. అతను బయటికిచ్చిన పరీక్షా సాధనం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రంగంలోని అసలు కష్టం అందులో కనిపిస్తుంది. తప్పుడు ముక్కలు పంపాలంటే పంపే కార్డు చెప్పినట్టు వినాలి. మామూలు కార్డు వినదు. వరుస సంఖ్యను తానే మార్చేస్తుంది, ముక్క సంఖ్యను చెరిపేస్తుంది, ఫ్రేముల క్రమాన్ని తారుమారు చేస్తుంది. అంటే పరీక్ష పంపామనుకున్న తప్పు గాలిలోకి వెళ్లేలోపే ‘ఒప్పు’ అయిపోతుంది. ఎదుటి పరికరం నెగ్గిందని రాసుకుంటారు. అందుకే అతను సవరించిన డ్రైవర్లు, కొన్ని చిప్‌లకు సవరించిన ఫర్మ్‌వేర్ కూడా ఆ సాధనంతో ఇచ్చాడు. ఫర్మ్‌వేర్ మూలం బహిరంగంగా ఉన్న అథిరోస్ యూఎస్‌బీ డాంగిల్ వంటివి ఈ పనికి ఇప్పటికీ బంగారం. పరీక్షించే చేతిని ముందు పరీక్షించకపోతే మిగతా ఫలితాలన్నీ అనుమానాస్పదమే.

ఇక నిజమైన రేడియో. ఊహా రేడియోల పని అయ్యాక చిప్‌ను లోహపు పెట్టెలో పెడతారు, బయటి తరంగాలు చొరకుండా. యాంటెన్నాకు బదులు కేబుల్ తగిలించి, మధ్యలో సంకేతాన్ని మెట్టుమెట్టుగా తగ్గించే అటెన్యుయేటర్ పెట్టి, ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి నడిచిపోతున్న మనిషిని అనుకరిస్తారు. ఏ దూరంలో వేగం తగ్గించుకుంటోంది, ఎప్పుడు వేరే యాక్సెస్ పాయింట్‌కు మారుతోంది అన్నది రోజుకోలా కాకుండా ప్రతిసారీ ఒకే తీరులో కొలవొచ్చు. ఇవి ఖరీదైన పరికరాలు కాబట్టి చిప్ కంపెనీలకూ పెద్ద ఫోను కంపెనీలకూ అందినంతగా స్వచ్ఛందంగా డ్రైవర్లు రాసేవాళ్లకు అందవు.

గాలికి చట్టం కూడా ఉంటుంది. 2009లో ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ విమానాశ్రయం దగ్గర వాతావరణ రాడార్‌కు 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ పరికరాలు అడ్డొస్తున్నాయని అమెరికా విమానయాన అధికారులు గుర్తించారు. ఆ రాడార్లు 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. రాడార్ వినబడగానే చానల్ ఖాళీ చేయడం డ్రైవరు, ఫర్మ్‌వేర్ కలిసి చేయాల్సిన పని. హెచ్‌డబ్ల్యూసిమ్‌లో ‘రాడార్ వచ్చింది’ అని ఊరికే చెప్పి ఆ తర్వాతి కోడ్‌ను పరీక్షించొచ్చు. రాడార్‌ను నిజంగా గుర్తుపడుతోందా అన్నది మాత్రం సిగ్నల్ జనరేటర్ పల్సులు పంపితేనే తేలుతుంది. దేశాన్ని బట్టి చానళ్లు మారతాయి. 2018 అక్టోబరులో భారత ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్‌లో లైసెన్సు అక్కర్లేని భాగాన్ని 605 మెగాహెర్ట్జ్‌కు పెంచింది. పరికరంలోని నిబంధనల పట్టిక పాతదైతే చట్టం ఇచ్చిన చానల్‌ను కూడా డ్రైవరు వాడుకోదు. పట్టిక తప్పయితే ఇవ్వని చానల్‌లో అరుస్తుంది.

వేగం కొలవడం అందరూ చేసే పరీక్ష. దానిలోనే పెద్ద మోసం జరిగింది. ఐపెర్ఫ్ అనే సాధనం పెట్టి ఒక్క ల్యాప్‌టాప్‌తో ఎన్ని మెగాబిట్లు వస్తున్నాయో చూసి డ్రైవరు బాగుందని సంతకం పెట్టడం చాలాకాలం నడిచింది. ఆ అంకె పెరగాలని డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ లోపల పొడవైన వరుసలు పెంచుకున్నాయి. ఫలితంగా ఇంట్లో ఒకరు పెద్ద ఫైలు ఎక్కిస్తుంటే పక్కగదిలో వీడియో కాల్ ముక్కలయ్యేది. నెమ్మది పరికరం ఒకటి చేరితే మొత్తం నెట్‌వర్క్ దాని వేగానికి దిగజారుతుందని 2003లోనే పరిశోధకులు చూపారు. డేవ్ టాట్, టోకె హోయ్‌లాన్-యోర్గెన్సెన్ తదితరులు వేగంతోపాటు, భారం కింద ఆలస్యం ఎంతో కూడా కొలిచే పద్ధతిని పట్టుబట్టి ముందుకు తెచ్చారు. ఫ్లెంట్ అనే సాధనం అన్ని దిశల్లోనూ ఒకేసారి భారం మోపి పింగ్ ఎంత సాగుతుందో గీసి చూపిస్తుంది. 2017లో యూజ్‌నిక్స్ సభకు ఇచ్చిన పత్రంలో వాళ్లు లైనక్స్ వైఫై వరుసలను తిరగరాసి, భారం కింద ఆలస్యాన్ని దాదాపు పదో వంతుకు తగ్గించి, గాలి సమయాన్ని పరికరాలకు సమంగా పంచి చూపించారు. అదే హార్డ్‌వేర్, అదే గాలి. సరైన కొలత మొదలయ్యాక గానీ అక్కడ సమస్య ఉన్నట్టే ఎవరికీ కనబడలేదు.

విండోస్ వైపు వ్యవస్థ వేరు. డ్రైవరుకు మైక్రోసాఫ్ట్ ధ్రువీకరణ రావాలంటే హార్డ్‌వేర్ ల్యాబ్ కిట్‌లోని పరీక్షలు నెగ్గాలి. డ్రైవర్ వెరిఫయర్ విండోస్ 2000 కాలం నుంచీ తప్పు చేసిన డ్రైవరును అక్కడికక్కడే ఆపేస్తోంది. కోడ్‌ను నడపకుండానే నియమాల ఉల్లంఘనను వెతికే స్టాటిక్ డ్రైవర్ వెరిఫయర్, థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో మొదలుపెట్టిన స్లామ్ ప్రాజెక్టు నుంచి పుట్టింది. క్రమశిక్షణ విషయంలో ఇది లైనక్స్ కన్నా గట్టిది. అయినా 2024 జూన్‌లో మైక్రోసాఫ్ట్ తన సొంత వైఫై డ్రైవరులోనే, దగ్గరున్నవాడు ఫ్రేములు పంపి కోడ్ నడపగలిగే లోపాన్ని సవరించాల్సి వచ్చింది. 2000 నుంచి పరికరాలకు ముద్ర వేస్తున్న వైఫై అలయన్స్ ధ్రువీకరణ ముఖ్యంగా చూసేది ఒక కంపెనీ పరికరం ఇంకో కంపెనీ పరికరంతో కలిసి పనిచేస్తుందా అని. అది అవసరమైన పరీక్షే. కానీ కొనేవాళ్లు ఆ ముద్రను భద్రతకు హామీగా చదువుకుంటున్నారు, దానికి ఆధారం లేదు.

ఇంత చూశాక ఒక తీర్పు చెప్పాల్సి ఉంది. బహిరంగ కెర్నెల్ పొరలో పరీక్షలు నేడు మంచి స్థితిలో ఉన్నాయి. లోపాలు వస్తున్నాయి, దొరుకుతున్నాయి, వారాల్లో సవరణలు వస్తున్నాయి. 2022 నాటి బీకన్ లోపాల సంగతే చూడండి, వాటిని కనిపెట్టిందీ ఫజింగే. మూసిన ఫర్మ్‌వేర్ విషయంలో అలా చెప్పలేం. లోపలి పరీక్షలు ఏమిటో కంపెనీకే తెలుసు, లోపం బయటపడ్డాక సవరణ ఫోనుకో రౌటరుకో చేరుతుందా లేదా అన్నది అమ్మినవాడి దయ.

చదువుకునేవాళ్లకు మాత్రం దారి తెరిచే ఉంది. హెచ్‌డబ్ల్యూసిమ్, హోస్ట్‌ఏపీడీ పరీక్షలు, సిజ్‌కాలర్ అన్నీ ఉచితం. చిప్ కొనాల్సిన పని లేదు, ఒక మామూలు లైనక్స్ ల్యాప్‌టాప్ చాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజినీరింగ్ కళాశాలల్లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ ల్యాబ్ చెప్పే అధ్యాపకులు వచ్చే సెమిస్టరులో ఒక ప్రయోగంగా దీన్ని పెట్టి చూడాలి. రెండు ఊహా రేడియోలు నిలబెట్టి, నాలుగు సందేశాల మార్పిడిని వైర్‌షార్క్‌లో చూపించి, మూడో సందేశాన్ని రెండుసార్లు పంపించి ఏమవుతుందో విద్యార్థుల చేతే రాయించాలి.

కొనేవాళ్లకు ఒక మాట. ఐరోపా సంఘం సైబర్ రెసిలియెన్స్ చట్టం 2024 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. దాని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. డిజిటల్ పరికరం అమ్మినవాడు దాని వాడకకాలం అంతకన్నా తక్కువైతే తప్ప కనీసం ఐదేళ్లు భద్రతా సవరణలు ఇవ్వాలని అది చెబుతోంది. మన రాష్ట్రాల్లో ఆసుపత్రులకు, పాఠశాలలకు, కార్యాలయాలకు వైఫై పరికరాలు టెండర్లు పిలిచి కొంటున్నారు. ఆ టెండరు పత్రంలో వేగం, ధర గడుల పక్కన మరో రెండు గడులు చేర్చండి: ఫర్మ్‌వేర్ సవరణలు ఏ తేదీ వరకు ఇస్తారు, క్రాక్, ఫ్రాగ్‌ఎటాక్స్ పరీక్షల ఫలితాలు ఏమిటి. ఆ రెండు గడులూ నింపలేని సరఫరాదారు దగ్గర కొనకండి.